గుమ్మం దాటిన సూది

పోయిన ఏడాది వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే చెత్త ఆటో వచ్చింది. ఎప్పటిలాగే పొడి చెత్త సంచి అందించాను. ఆటో అక్క దాన్ని అందుకుని, లోపల వేసే ముందు గాలి పోవడానికి అరచేత్తో ఒక్కసారి అదిమింది. వెంటనే "అబ్బా" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. బొటనవేలి కింద చిన్న ఎర్రటి చుక్క. సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చింది మా అత్తమ్మ ఇన్సులిన్ సూది.

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆమె మాత్రం కొంగుతో తుడుచుకుంటూ, "ఏం కాదమ్మా, గిట్ల గుచ్చుకునుడు మాకు మామూలే. సీసా పెంకులు, బ్లేడ్లు, సూదులు, రోజూ ఏదో ఒకటి" అంది. ఆ "మామూలే" అన్న మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. లోపలికి పిలిచి కుళాయి కింద సబ్బుతో చెయ్యి కడిగించాను. తర్వాత ఇద్దరం కలిసి సర్కారు దవాఖానకు వెళ్లాం. ఆమెకూ, మా అత్తమ్మకూ రక్త పరీక్షలు చేశారు. అత్తమ్మకు ఏ వైరస్సూ లేదని తేలేదాకా నాకు అన్నం సయించలేదు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. అత్తమ్మ ఎనిమిదేళ్లుగా రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ తీసుకుంటోంది. ఏడాదికి 730 పోట్లు. ఒక్కో సూదిని రెండు మూడు సార్లు వాడిందనుకున్నా ఈ ఎనిమిదేళ్లలో మా ఇంట్లోంచి రెండు వేల పైచిలుకు సూదులు బయటికి వెళ్లాయి. షుగర్ చూసుకోవడానికి వేలు పొడుచుకునే లాన్సెట్లు వేరే. అన్నీ ఎక్కడికి వెళ్లాయి? ఎవరి చేతిలో, ఎవరి కాలిలో దిగాయి? ఒక్కదాని సంగతే నాకు తెలిసింది. ఇల్లు శుభ్రంగా ఉంచుకుంటానని పేరున్న నేను ఈ ప్రశ్న ఎనిమిదేళ్లలో ఒక్కసారీ వేసుకోలేదు.

అందుకని ఈసారి సూది కథ రాస్తున్నాను. ఒకప్పుడు ఇది పారేసే వస్తువే కాదు. ఎప్పటినుంచి పారేస్తున్నాం, పారేసినది ఎటు పోతోంది అన్నదే నేను తెలుసుకోవాలనుకున్నది.

పారేయని కాలం

బోలు సూదికి సిరంజి తగిలించి ఒంట్లోకి మందు ఎక్కించడం 1853లో మొదలైందని చెబుతారు. స్కాట్లండ్‌లో అలెగ్జాండర్ వుడ్, ఫ్రాన్స్‌లో చార్లెస్ ప్రవాజ్ ఎవరికి వారు దాదాపు ఒకే సమయంలో ఇలాంటి పనిముట్లు తయారు చేశారు. ఆ తర్వాత వంద ఏళ్లపాటు సిరంజి అంటే గాజుది, లేదా లోహంది. ఖరీదైన వస్తువు. వాడాక కడిగి, నీళ్లలో మరిగించి, డబ్బాలో భద్రంగా దాచుకునేవాళ్లు.

సూది ఇంటి వస్తువు కావడానికి కారణం ఇన్సులిన్. 1922 జనవరి 11న కెనడాలోని టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఆ రకం చక్కెర జబ్బు వచ్చిన పిల్లలు బతికేవాళ్లు కాదు. ఇన్సులిన్ వాళ్లను బతికించింది గానీ రోజూ సూది వేసుకోవాలి. రోజూ డాక్టర్ దగ్గరికి ఎవరు వెళ్లగలరు? అలా గాజు సిరంజి వంటింట్లోకి వచ్చింది. పాలగిన్నె పక్కనే ఇంకో గిన్నెలో సిరంజి మరిగేది. సూది మొన మొద్దుబారితే సానరాయి మీద నూరుకునేవాళ్లు. ఒకే సూది నెలల తరబడి నడిచేది. అలాంటి ఇంట్లో సూది ఎక్కడ పారేయాలన్న ప్రశ్నే రాదు.

నా చిన్నప్పుడు సంగారెడ్డి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు సైకిల్ మీద వచ్చేవాడు. ఆయన సంచిలో స్టీలు డబ్బా, అందులో గాజు సిరంజి, రెండు మూడు సూదులు. అమ్మమ్మ పొయ్యి మీద నీళ్లు కాగబెట్టి ఇచ్చేది. డబ్బాలో సూది టకటక కొట్టుకునే చప్పుడు వినగానే పిల్లలం గడ్డివాము వెనక దాక్కునేవాళ్లం. అదే సూదితో ఆ పొద్దున ఎంతమందికి వేశాడో, నీళ్లు సరిగ్గా మరిగాయో లేదో ఎవరూ అడిగేవాళ్లు కాదు. సూది వేస్తేనే జ్వరం తగ్గుతుందని నమ్మకం. సూది వేయని డాక్టరు డాక్టరే కాదు.

ఆ కాలం మంచిదని నేను అనడం లేదు. సరిగ్గా మరగని సూది ఒకరి రక్తంలోని జబ్బును ఇంకొకరికి మోసుకెళ్తుంది. పచ్చకామెర్ల రకాల్లో ఒకటైన హెపటైటిస్-బి అలా ఎంతమందికి అంటిందో లెక్క కట్టినవాళ్లు లేరు. అప్పటి సూది ప్రమాదమంతా వేయించుకునేవాళ్లదే. పారేసేదే లేదు కాబట్టి చెత్త ఎత్తేవాళ్లకు దానితో పని లేదు.

వాడి పారేసే కాలం

ఈ పద్ధతి మారడానికి ఒక కారణం పోలియో టీకా. 1954లో అమెరికాలో సాల్క్ టీకాను లక్షల మంది పిల్లల మీద పరీక్షించినప్పుడు ఒక్కొక్కరికీ సిరంజి మరిగించడం కుదరలేదు. ఒకసారి వాడి తీసేసే గాజు సిరంజిలు తయారు చేయించారు. 1956లో న్యూజిలాండ్‌కు చెందిన కోలిన్ ముర్డాక్ ప్లాస్టిక్ సిరంజికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన మనుషుల డాక్టరు కాదు, మందుల షాపు నడుపుతూ పశువులకు వైద్యం చేసేవాడు. ఒక జంతువు జబ్బు ఇంకోదానికి సూదితో అంటకూడదన్నది ఆయన ఆలోచన.

మన దగ్గర ఈ మార్పు ఊళ్ల దాకా రావడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. 1986లో మద్రాసులో దేశంలోనే మొదటి హెచ్‌ఐవీ కేసులు బయటపడ్డాయి. ఎయిడ్స్ భయం గోడల మీదా, రేడియోలోనూ, బస్టాండుల్లోనూ కనబడింది. "కొత్త సూది అడగండి" అన్న మాట జనంలోకి వెళ్లింది. నా పెళ్లయ్యే నాటికి మెడికల్ షాపులో సిరంజి కొనుక్కుని డాక్టరు దగ్గరికి వెళ్లడం అలవాటైపోయింది. కవర్ మన కళ్లముందే చింపితే మనకు ధైర్యం.

ఆ ధైర్యం వేయించుకునేవాళ్లకే. వాడి పారేయడంలో "వాడి" వరకే మనం ఆలోచించాం. పారేసిన సూది తిరిగి మన దగ్గరికే రాగలదని గుజరాత్‌లో తెలిసింది. 2009లో సాబర్‌కాంఠా జిల్లా మోడాసా ప్రాంతంలో హెపటైటిస్-బి ఒక్కసారిగా విరుచుకుపడింది. పదుల సంఖ్యలో జనం చనిపోయారు. విచారణ చేస్తే వాడిన సూదులనే మళ్లీ వాడినట్టు తేలింది. పాత సామాన్ల గోదాముల్లో వాడేసిన సిరంజిలు గుట్టలుగా దొరికాయి. వాటిని కడిగి మళ్లీ అమ్మే వ్యాపారం నడుస్తోందని బయటపడింది. అంతకు కొన్నేళ్ల ముందే, దేశమంతా తిరిగి చేసిన ఒక పెద్ద అధ్యయనం మన దేశంలో వేసే ఇంజెక్షన్లలో 62.9 శాతం సురక్షితం కాదని చెప్పింది.

టీకాల కార్యక్రమంలో ఒక్కసారి నొక్కగానే పిస్టన్ బిగుసుకుపోయే సిరంజిలు తెచ్చారు. మీ పిల్లలకు టీకా వేసేటప్పుడు ఏఎన్‌ఎం అక్క పక్కన చిన్న డబ్బా పెట్టుకుని సూదిని టక్కున కత్తిరించడం చూసే ఉంటారు. దాన్ని హబ్ కట్టర్ అంటారు. సూది మొన డబ్బాలో పడిపోతుంది. ప్లాస్టిక్ భాగం ఇంకెవరికీ పనికి రాదు. మారుమూల తండాలో చెట్టు కింద టీకాలు వేసే అక్క దగ్గర ఉన్న ఏర్పాటు నా వంటింట్లో లేదు.

ఆసుపత్రికి వచ్చిన చట్టం

1996లో ఢిల్లీ చెత్త గురించి బి.ఎల్. వధేరా వేసిన కేసులో సుప్రీంకోర్టు, 50, ఆపైన పడకలున్న ఆసుపత్రులు తమ వ్యర్థాలను కాల్చే ఏర్పాటు చేసుకోవాలని చెప్పింది. 1998 జూలైలో జీవవైద్య వ్యర్థాల నిబంధనలు వచ్చాయి. దేశంలో ఆసుపత్రి చెత్తకంటూ ఒక చట్టం రావడం అదే మొదలు. సూదులు, బ్లేడ్లు, గాజు ముక్కలకు అందులో ప్రత్యేకంగా ఒక వర్గం పెట్టారు. 48 గంటలకు మించి నిల్వ ఉంచకూడదన్నారు.

2016 మార్చిలో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. ఇప్పుడు ఏ నర్సింగ్ హోమ్‌కు వెళ్లినా రంగు రంగుల బుట్టలు కనిపిస్తాయి. పసుపు, ఎరుపు, నీలం, తెలుపు. సూదులకు తెల్లగా, లోపలిది కనిపించే గట్టి డబ్బా. గుచ్చినా చిల్లు పడకూడదు, కారకూడదు, ఒకసారి మూసాక తెరవడానికి రాకూడదు. సంచులకు, డబ్బాలకు బార్‌కోడ్ ఉంటుంది. వ్యాను వచ్చి తీసుకెళ్తుంది. అక్కడ వేడిమితో క్రిములను చంపి, ముక్కలు చేసి, లేదా లోహపు డబ్బాలోనో సిమెంటు కాంక్రీటులోనో బంధించి వదిలించుకుంటారు. ఇనుము కరిగించే కార్ఖానాలకు పంపడానికీ వీలుంది. అన్నిటికంటే నాకు నచ్చింది ఇంకో నిబంధన. ఈ వ్యర్థాలను ముట్టుకునే ప్రతి ఉద్యోగికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. ఏటా ఆరోగ్య పరీక్ష చేయించాలి.

అంటే ఆసుపత్రిలో అత్తమ్మకు వేసిన సూదికి ఒక దారి, ఒక డబ్బా, ఒక లెక్క ఉన్నాయి. దాన్ని ఎత్తేవాళ్లకు టీకా ఉంది. అదే అత్తమ్మకు, అదే మందు, అలాంటి సూదితోనే నేను ఇంట్లో వేస్తే అది చెత్త సంచిలో కలిసిపోతోంది.

మన ఇంటి దగ్గర ఆగిపోయినది

ఇళ్ల గురించి చట్టం ఏమీ చెప్పలేదా అంటే చెప్పింది. 2015లో హైదరాబాద్ నగరపాలక సంస్థ ఇంటింటికీ రెండు బుట్టలు పంచడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. పచ్చది తడి చెత్తకు, నీలంది పొడి చెత్తకు. పటాన్‌చెరు, రామచంద్రాపురం 2007లోనే ఆ నగరపాలక సంస్థలో కలిశాయి కాబట్టి ఆ బుట్టలు మా వైపూ వచ్చాయి. మా పక్కింటి వదిన నీలం బుట్టలో బియ్యం పోసుకుంది, అది వేరే సంగతి.

ఆ మరుసటి ఏడాదే, 2016 ఏప్రిల్‌లో, ఘన వ్యర్థాల నిబంధనలు వచ్చాయి. అందులో ఇంటి చెత్తను మూడుగా విడదీయాలని చెప్పారు. తడి, పొడి, మూడోది ఇంటి ప్రమాదకర చెత్త. ఈ మూడో దాని కింద పెయింట్ డబ్బాలు, పురుగుమందుల డబ్బాలు, ట్యూబ్‌లైట్లు, పగిలిన థర్మామీటర్లు, బ్యాటరీలు, గడువు దాటిన మందులతో పాటు వాడిన సూదులు, సిరంజిల పేరు కూడా చేర్చారు. ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒకటి చొప్పున వీటిని తీసుకునే కేంద్రం స్థానిక సంస్థలు పెట్టాలనీ, అందులో వేయాల్సిన బాధ్యత మనదనీ అన్నారు. చెత్త ఎత్తేవాళ్లకు గ్లౌజులు, బూట్లు, మాస్కులు ఇవ్వాలనీ చెప్పారు.

మనకు రెండు బుట్టలు వచ్చాయి. మూడోది నా మనసులోకి కూడా రాలేదు. సూది ప్లాస్టిక్కు, పైగా పొడిగా ఉంటుంది, కాబట్టి పొడి చెత్త అనుకున్నాను. నాలాగే అనుకునేవాళ్లు ఎంతమందో! 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని చెప్పింది. అందరూ ఇన్సులిన్ తీసుకోరు గానీ, వేళ్లు పొడుచుకుని చూసుకునేవాళ్లు చాలామంది.

2020లో కరోనా వచ్చినప్పుడు ఒక్కసారి మాత్రం ఆసుపత్రి పసుపు సంచి ఇళ్లలోకి వచ్చింది. ఇంట్లోనే ఉండి వైద్యం చేయించుకునేవాళ్ల చెత్తను విడిగా పసుపు సంచిలో కట్టి ఇవ్వాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది. ఇల్లు కూడా ఒక చిన్న ఆసుపత్రే అవుతుందని అప్పుడు అందరం ఒప్పుకున్నాం. తర్వాత మర్చిపోయాం.

బయటి దేశాల్లో ఈ పని సర్దుకున్నచోట్లు ఉన్నాయి. కాలిఫోర్నియాలో 2008 సెప్టెంబర్ 1 నుంచి ఇంటి సూదులను చెత్తబుట్టలో వేయడం చట్టవిరుద్ధం. అక్కడ మన తెలుగువాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లు ఎవరైనా ఇన్సులిన్ తీసుకుంటుంటే సూదులకు వేరే డబ్బా ఉండాల్సిందే. ఇంగ్లండ్‌లో డాక్టరు మందుల చీటీ మీదే సూదుల డబ్బా కూడా రాసిస్తాడు. మందు రాసేటప్పుడే దాని చెత్త గురించి కూడా రాయడం నాకు చాలా తెలివైన పని అనిపించింది.

మన వాగు చెప్పిన పాఠం

ఇంత దూరం వెళ్లనక్కర్లేదు. గుమ్మం దాటించేస్తే పీడ వదలదని మా పటాన్‌చెరుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

బాలానగర్‌లో ఐడీపీఎల్ వచ్చాక, 1970 పేటెంట్ చట్టం మందులను వేరే పద్ధతుల్లో తయారు చేసుకునే దారి తెరిచాక, హైదరాబాద్ చుట్టూ మందుల కంపెనీలు పెరిగాయి. 1970లు, 80ల్లో పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం పారిశ్రామికవాడలు అయ్యాయి. మా బంధువుల్లో సగం ఇళ్లు ఆ కంపెనీల జీతాలతోనే నిలబడ్డాయి. మా ఆయన పనిచేసేది కూడా అక్కడే. ఆ అన్నం తిన్నదాన్ని, మాట తూలను.

కానీ ఆ కంపెనీల గేట్లు దాటి బయటికి వచ్చిన నీళ్లు ఇసుకవాగులో, నక్కవాగులో కలిశాయి. నక్కవాగు మంజీరలో కలుస్తుంది. బావుల్లో నీళ్లు రంగు మారాయి. పొలాలు పాడయ్యాయి. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు తన దగ్గరికి వచ్చే రోగులను చూసి ఆ ఊళ్ల పక్షాన నిలబడ్డారు. రైతులతో కలిసి ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. అది హైకోర్టుకు, చివరికి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లి 2017లో తీర్పు దాకా నడిచింది. ఒక తరం పెరిగి పెద్దదయ్యేంత కాలం.

మధ్యలో 1994లో కంపెనీల మురుగునీటిని కలిపి శుద్ధి చేసే కేంద్రం పటాన్‌చెరులో వచ్చింది. అయినా 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం ఆ కేంద్రం నుంచి శుద్ధి అయ్యి బయటికి వచ్చే నీటినే పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని తేలింది. ఆ మందు బిళ్ల మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఇది ఎక్కువ. ప్రపంచమంతా మా ఊరి పేరు అప్పుడు చదివింది. తర్వాత పైపులైను వేసి ఆ నీటిని హైదరాబాద్ అంబర్‌పేట శుద్ధి కేంద్రం వైపు మళ్లించారు. అంటే మూసీ వైపు.

ఆ రోజుల్లో మేం ఆడవాళ్లం బిందెలు పట్టుకుని ట్యాంకర్ దగ్గర నిలబడి తిట్టుకునేవాళ్లం. "వాళ్ల గేటు బయటికి పంపిస్తే అయిపోయిందా? ఇక్కడ మనుషులు లేరా?" అని. ఆటో అక్క చేతి మీద రక్తపు చుక్క చూసినప్పుడు నాకు ఆ మాటలే గుర్తొచ్చాయి. నా గేటు బయట కూడా మనుషులున్నారు. కంపెనీ ట్యాంకరూ, నా చెత్త సంచీ ఒకటే అని నేను అనను. ఎంత తేడా ఉందో నాకు తెలుసు. కానీ గేటు బయటికి పోయింది కదా, ఇక మనది కాదు అనుకోవడం మాత్రం ఇద్దరిదీ ఒకటే.

ఇంకో సంగతి. ఆ పోరాటాల తర్వాత కంపెనీల ప్రమాదకర వ్యర్థాలకు దుండిగల్‌లో ఒక కేంద్రం వచ్చింది. ఆసుపత్రి సూదులకు వ్యాను వచ్చింది. 2017లో మా పక్కనే సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కుకు పునాది రాయి పడింది. మందులు, వైద్య పరికరాలు తయారయ్యే నేల ఇది. వాడేసిన సూదికి మాత్రం ఇంటి దగ్గర దారి లేదు.

ఒక పోటు ఖరీదు

దవాఖానలో డాక్టరమ్మ నాకు చెప్పిన లెక్క ఇది. జబ్బున్న మనిషి రక్తం అంటిన సూది గుచ్చుకుంటే, టీకా లేనివాళ్లకు హెపటైటిస్-బి వచ్చే అవకాశం నూటికి 30 దాకా ఉంటుంది. హెపటైటిస్-సి నూటికి రెండు మూడు. హెచ్‌ఐవీ వెయ్యికి మూడు. మనం ఎక్కువ భయపడేది చివరిదానికి. నిజానికి ఎక్కువ ప్రమాదం మొదటిదానితో. హెపటైటిస్-బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం వారం పాటు బతికి ఉండగలదు. నిన్నటి సూదే కదా, ఎండిపోయింది కదా అనుకోవడానికి లేదు.

అదృష్టం ఏమిటంటే దీనికి టీకా ఉంది. అది మన దగ్గర కూడా తయారైంది. 1997లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ ఆ టీకాను మన దేశంలోనే తయారు చేసి, విదేశీ టీకా ధరలో చిన్న భాగానికే ఇచ్చింది. ఆ కంపెనీ ఉన్న మేడ్చల్ మాకు ఎంతో దూరం కాదు. ఇప్పుడు పుట్టిన పిల్లలందరికీ సర్కారే వేస్తోంది. పెద్దవాళ్లలో, ముఖ్యంగా చెత్త ఎత్తే పని చేసేవాళ్లలో ఎంతమందికి వేశారో అడిగి చూడండి. మా ఆటో అక్కకు వేయలేదు. ఆమె పిల్లలకు మాత్రం వేశారు.

ఎవరికైనా సూది గుచ్చుకుంటే వెంటనే సబ్బు, పారే నీళ్లతో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. అదే రోజు, వీలైతే గంట రెండు గంటల్లో, దవాఖానకు వెళ్లాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది. హెపటైటిస్-బి టీకా కూడా వెంటనే మొదలుపెడతారు.

మా ఇంట్లో ఇప్పుడు చేస్తున్నది

బట్టల సబ్బు ద్రవం వచ్చే మందపాటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి కడిగి ఆరబెట్టాను. మూత మర తిప్పి బిగించేది. మంచినీళ్ల సీసా పనికిరాదు, సూది దాని గోడలోంచి దూసుకొస్తుంది. పైగా ఖాళీ సీసా కదా అని ఎవరైనా ఏరుకుంటారు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో "వాడిన సూదులు, తెరవద్దు" అని రాసి అంటించాను. చదవడం రానివాళ్ల కోసం మా మనవరాలు సూది బొమ్మ గీసి దాని మీద ఎర్ర గీత కొట్టింది.

సూది వేయగానే, మూత మళ్లీ పెట్టే ప్రయత్నం చేయకుండా, నేరుగా డబ్బాలో వేస్తాం. చాలామందికి సూది గుచ్చుకునేది ఆ మూత పెట్టేటప్పుడే. వంచడం, విరవడం చేయం. పెన్ను వాడేవాళ్లు పెన్ను సూదిని మాత్రం తిప్పి తీసి వేయాలి. లాన్సెట్లు కూడా ఇందులోకే. డబ్బా పిల్లలకు అందని చోట పెట్టాం. ముప్పాతిక నిండగానే మూత బిగించి టేపు చుడతాం. సూదులను మరుగుదొడ్డిలో వేయడం, పెరట్లో పూడ్చడం, కాల్చడం మూడూ తప్పే.

నిండిన డబ్బా ఎక్కడ ఇవ్వాలన్నదే అసలు కష్టం. మొదట అడిగిన చోట "ఇళ్ల చెత్త మేం తీసుకోం" అన్నారు. రెండో నర్సింగ్ హోమ్‌లో నర్సమ్మ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత జాగ్రత్తగా తెస్తే ఎందుకు తీసుకోమమ్మా" అని తమ సూదుల డబ్బా ఉన్న గదిలోకి పట్టుకెళ్లింది. ఇప్పుడు నాలుగైదు నెలలకోసారి వెళ్తున్నాం. మీరు మీ డాక్టరును, మందులషాపును, మున్సిపాలిటీని అడగండి. ఒకచోట కాదంటే ఇంకోచోట అడగండి. అడిగేవాళ్లు పెరిగితేనే ఇలాంటి కేంద్రాలన్న మాట కాగితం దాటి వస్తుంది. ఏ దారీ దొరకకపోతే డబ్బాను పొడి చెత్తలో కలపకుండా, ఆటో అక్కకు చేతికిచ్చి, లోపల ఏముందో నోటితో చెప్పండి. కనీసం ఆమెకు తెలుస్తుంది.

మా కాలనీలో ఇన్సులిన్ వాడే ఇళ్లు ఎన్ని ఉన్నాయో మహిళా సంఘం సమావేశంలో అడిగితే మొదట ఎవరూ చెయ్యి ఎత్తలేదు. షుగర్ ఉందని చెప్పుకోవడానికి మొహమాటం. అత్తమ్మే లేచి, "నా సూదే గా పిల్ల చేతిల దిగింది" అని చెప్పింది. తర్వాత పదకొండు చేతులు లేచాయి. ఇప్పుడు పన్నెండు ఇళ్ల డబ్బాలు కలిపి ఒకేసారి తీసుకెళ్తున్నాం.

ఆటో అక్కకు మూడో డోసు టీకా పోయిన సంక్రాంతి తర్వాత పడింది. రక్తపరీక్షలన్నీ బాగానే వచ్చాయి. ఆమెతో పాటు అదే ఆటోలో వచ్చే ఆమె మరిదికి కూడా మొదలుపెట్టించాం. నిన్న సంచి అందిస్తుంటే నవ్వి, "గిప్పుడు భయం లేకుండ అదుముతున్నా అమ్మా" అంది. మా ఇంటి సంచి సంగతే ఆమె చెప్పింది. పక్క వీధి సంచుల్ని ఇంకా రెండు వేళ్లతో కొసలు పట్టుకునే ఎత్తుతోంది.